ఎలైట్ విభాగంలో తొలి మౌంటెన్ బైక్ రేసు: మొదటి ల్యాప్‌లో చేసే అప్పు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందుగా చెప్తాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీది విశాఖపట్నం. నిరుడు జాతీయ పోటీలో అండర్-23 విభాగంలో ఆరో స్థానంలో నిలిచారు. ఈ ఏడాది మీకు 23 ఏళ్లు వస్తున్నందువల్ల ఎలైట్ పురుషుల విభాగంలోకి మారవలసి వచ్చింది. ఇంకో ఐదు వారాల్లో హిమాచల్ ప్రదేశ్‌లో, దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, ఆ విభాగంలో మీ మొదటి క్రాస్-కంట్రీ రేసు (కొండదారిలో ఒకే చుట్టును, అంటే ల్యాప్‌ను, పలుమార్లు తొక్కే పోటీ) ఉంది. మొదలు నుంచీ ముందున్నవాళ్లతోనే వెళ్లాలా, వెనుకపడితే మధ్యలో ఆపేస్తారా, వెనుక చక్రానికి సస్పెన్షన్ లేని ఇప్పటి హార్డ్‌టెయిల్ బదులు రెండు చక్రాలకూ అది ఉన్న ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనాలా అని అడిగారు. ఇంకో ఏడాది ఆగమని నాన్నగారు అంటున్నారని కూడా రాశారు. నేను పదకొండేళ్లు ఈ విభాగంలోనే తొక్కాను, ఒక్కసారి కూడా పతకం రాలేదు. గత కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. కాబట్టి గెలవడం ఎలాగో నన్ను అడగకండి, మొదటి రేసులో ఏమేమి పాడవుతాయో మాత్రం నాకు బాగా తెలుసు.

నాన్నగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు చిన్నది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) విభాగాల లెక్కలో పుట్టినరోజుకు విలువ లేదు, పుట్టిన సంవత్సరానికే విలువ. 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 వరకు అండర్-23, ఆ పైన అంతా ఎలైట్. మీరు డిసెంబరులో పుట్టినా సరే, జనవరి ఒకటి నుంచే ఎలైట్ కిందికి వస్తారు. ఒక ఏడాది ఆగితే ఇంతకంటే తక్కువ పోటీ ఉన్న విభాగమేదీ ఎదురు చూస్తూ ఉండదు; వచ్చే ఏడాది కూడా ఇదే గ్రిడ్ (రేసు మొదలులో రైడర్లు నిలబడే వరుసలు), ఇదే చివరి వరుస, పైగా ఈ ఏడాది రావలసిన అనుభవం లేకుండా. ఆ సంగతి నాన్నగారికి వివరంగా చెప్పండి. ఆయన భయం దెబ్బలు తగులుతాయన్నదైతే అది వేరే విషయం, దాని గురించి కింద కోర్సు పరిశీలన దగ్గర రాస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలైట్ వాళ్లు మీకంటే బలంగా తొక్కుతారని మీకు ముందే తెలుసు. ఆ బలం ఎక్కడ కనిపిస్తుందన్నది మాత్రం మీరు అనుకున్న చోట ఉండదు. నా మొదటి ఎలైట్ రేసు పుణె దగ్గరి కొండల్లో జరిగిన ఒక జాతీయ స్థాయి పోటీ. రెండో ల్యాప్‌లో సైన్యం జట్టుకు చెందిన ఒక రైడర్ వెనుక పడ్డాను. వయసులో నాకంటే కనీసం ఎనిమిదేళ్లు పెద్ద, ఎక్కుడులో నా వేగమే, ఒకటి రెండు చోట్ల నేనే బ్రేకు పట్టుకోవలసి వచ్చింది. ఇతన్ని దాటేయవచ్చునని అనుకుంటూ ఉన్నాను. గట్టు పైభాగానికి మూడు గజాలు ఉండగా అతని గేర్ లీవరు రెండుసార్లు టక్కుమంది. నేనైతే సరిగ్గా అక్కడే ఊపిరి వదిలి, భుజాలు సడలించి, పెడల్ ఆపి, దిగుడు దానంతట అదే లాగుతుందిలే అనుకునే చోటు. అతను సీటు మీది నుంచి లేచి నాలుగు తొక్కులు తొక్కి, ఆ తరువాత కూర్చుని, సీటును కిందికి దించే డ్రాపర్ మీట నొక్కి దిగుడులోకి జారిపోయాడు. నేను తల ఎత్తి చూసేసరికి మా మధ్య ఐదు సైకిళ్ల దూరం ఉంది. తరువాతి ఎక్కుడులో ఆ దూరాన్ని పూడ్చడానికి నేను ఒళ్లంతా ఖర్చు పెట్టాను, అతను తరువాతి గట్టు మీద మళ్లీ అదే పని చేశాడు. అలా నాలుగు గట్లు దాటాక నాకు అతను కనపడలేదు.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. నాలుగున్నర కిలోమీటర్ల కోర్సులో చిన్నాపెద్దా కలిపి పది గట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో గట్టు మీద మూడు సెకన్లు పోగొట్టుకుంటే ల్యాప్‌కు 30 సెకన్లు, ఆరు ల్యాప్‌లకు మూడు నిమిషాలు. ఎక్కుడులో మీ శక్తి వాళ్లతో సమానంగా ఉన్నా సరే ఈ మూడు నిమిషాలు పోతాయి. మెలికల నుంచి బయటికి వచ్చేటప్పుడు కూడా ఇదే కథ. అండర్-23లో అందరూ గట్టు మీద కాస్త ఊపిరి తీసుకుంటారు కాబట్టి మీకు ఈ నష్టం ఇంతవరకు కనిపించి ఉండదు. ఎలైట్‌లో ఎవరూ అక్కడ ఆగరు. అందువల్ల మీ రేసు పథకమంతా ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకోవాలి: చివరి ల్యాప్‌లో కూడా గట్టు దాటాక పది సెకన్లు పెడల్ ఆపకుండా తొక్కే స్థితిలో ఉంటానా, ఉండనా?

మొదటి నుంచీ ముందున్నవాళ్లతో వెళ్లాలా అన్న మీ ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది. అప్పు చేసి పప్పు కూడు అన్నట్టు మొదటి ల్యాప్‌లో మీ స్తోమతకు మించిన వేగంతో వెళ్తే ఆ అప్పు తీర్చవలసింది సరిగ్గా ఈ గట్ల మీదే. క్రాస్-కంట్రీ రేసు గంటన్నర పాటు సాగినా అందులో గుండె వేగం సగటున మీ గరిష్ఠంలో 90 శాతం దగ్గర ఉంటుంది, మొదటి కొన్ని నిమిషాల్లో ఇంకా పైకి పోతుంది. ఆ నిమిషాల్లో ఒళ్లు నొప్పి తెలియదు, ఎందుకంటే చుట్టూ నలభై మంది టైర్ల చప్పుడు, మైకులో కేకలు, మీ ఊరివాడెవరో పేరు పెట్టి పిలుస్తూ ఉంటాడు. పుణెలో నాకు ఆరో నిమిషంలో చూపు ఇరుకైపోయి, ముందున్న చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ అలసట తీరకుండానే మూడో ల్యాప్‌లో దిగుడులోకి వెళ్లి, మామూలుగా కళ్లు మూసుకుని దాటే రాయికి వెనుక చక్రం కొట్టుకుని గాలి పోగొట్టుకున్నాను. ఆ రాయి తప్పు ఏమీ లేదు.

అయితే మొదలు నెమ్మదిగా వెళ్లమని నేను చెప్పడం లేదు, ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీకు ర్యాంకింగ్ పాయింట్లు లేవు కాబట్టి కాల్-అప్‌లో, అంటే గ్రిడ్ మీదికి ఒక్కొక్కరినే పిలిచేటప్పుడు, మీ పేరు చివర్లో వస్తుంది, చివరి వరుసలో నిలబడతారు. సింగిల్ ట్రాక్ (ఒక్క సైకిల్ మాత్రమే పట్టే ఇరుకు దారి) మొదలయ్యే చోట వరుస ఒక్కొక్కరుగా సన్నబడాలి, అక్కడ ముప్పయ్యో వాడు నిలబడిపోవలసి వస్తుంది. అందుకని గ్రిడ్ నుంచి సింగిల్ ట్రాక్ దాకా ఉన్న వెడల్పు దారి, సాధారణంగా ఒక నిమిషం నుంచి రెండు నిమిషాలు, పూర్తి శక్తితో తొక్కండి; అది అవసరమైన అప్పు. సింగిల్ ట్రాక్‌లోకి దిగిన మరుక్షణం మాత్రం మీ సొంత వేగానికి తగ్గిపోండి. ఎవరైనా దాటిపోతే పోనివ్వండి. మొదటి మలుపులో లోపలి వైపు అందరూ కుక్కుకుంటారు, ఎవరో ఒకరు పడతారు, ఆ వెనుకవాళ్లంతా ఆగుతారు. బయటి వైపు దూరం కాస్త ఎక్కువైనా కదులుతూ ఉంటుంది, నేనైతే బయటి వైపే ఎంచుకుంటాను. మొదటి నిటారు ఎక్కుడు దగ్గర ముందువాడు కాలు నేల మీద పెట్టాడంటే మీరు సైకిల్ మీదే ఉండి తంటాలు పడకండి. వెంటనే దిగి, సైకిల్‌ను భుజాన వేసుకునో తోసుకుంటూనో అంచున పరుగెత్తండి. చివరి వరుస నుంచి మొదలుపెట్టేవాడికి పరుగు ఒక ఆయుధం, దాన్ని సాధన చేసేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

ఇక్కడ సాధారణంగా ఎవరో ఒకరు బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్ పేరు తీసుకొస్తారు. 2021 మే నెలలో జర్మనీలోని ఆల్బ్‌స్టాట్‌లో ఎలైట్ ప్రపంచ కప్‌లోకి అడుగుపెట్టిన అతను వెనుక వరుసల నుంచి మొదలుపెట్టి ఐదో స్థానంలో వచ్చాడు, వారం తిరిగేసరికి చెక్ దేశంలోని నోవె మెస్తోలో నెదర్లాండ్స్ దిగ్గజం మాథ్యూ వాన్ డెర్ పూల్‌ను దాటి గెలిచాడు, అదే జులైలో టోక్యో ఒలింపిక్ స్వర్ణం కూడా అతనిదే. నెదర్లాండ్స్‌కు చెందిన పక్ పీటర్స 2023లో అదే నోవె మెస్తోలో ఎలైట్‌లోకి వచ్చిన తొలి ప్రపంచ కప్ క్రాస్-కంట్రీ రేసునే గెలుచుకుంది. నిజమే, ఇవి జరిగినవే. కానీ పిడ్‌కాక్ అంతకు ముందు ఏడాదే ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో అండర్-23 ప్రపంచ విజేత. వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి చలికాలమంతా బురదలో సైక్లోక్రాస్ రేసులు (అడ్డంకుల దగ్గర సైకిల్ దిగి పరుగెత్తవలసిన పోటీలు) తొక్కి, గట్టు దాటాక తొక్కడం, దిగి పరుగెత్తడం, ఇరుకు మలుపులో దాటడం ఒంట బట్టించుకున్నవాళ్లు. వాళ్ల ఫలితం చూసి కాదు, ఆల్బ్‌స్టాట్‌లో పిడ్‌కాక్ ల్యాప్ తరువాత ల్యాప్ ఒక్కొక్కరినీ ఏరుకుంటూ ముందుకు వచ్చిన తీరు చూసి నేర్చుకోండి.

రెండో ప్రశ్న, మధ్యలో ఆపేస్తారా అని. ఆపవచ్చు, దాన్నే 80 శాతం నియమం అంటారు, దాని గురించి చాలామందికి సగమే తెలుసు. మొదటి స్థానంలో ఉన్నవాడు మొదటి ల్యాప్‌కు తీసుకున్న సమయంలో 80 శాతం లెక్కగడతారు. అతనికీ మీకూ మధ్య తేడా దాన్ని మించితే, మీ ల్యాప్ చివర్లో ప్రత్యేకంగా పెట్టిన చోట మిమ్మల్ని కోర్సు నుంచి బయటికి పంపుతారు. చివరి ల్యాప్‌లోకి ప్రవేశించినవాళ్లకు ఇది వర్తించదు. ముందున్నవాడు మొదటి ల్యాప్‌ను 13 నిమిషాల్లో పూర్తి చేశాడనుకోండి. అందులో 80 శాతం 10 నిమిషాల 24 సెకన్లు. ఆరు ల్యాప్‌ల రేసులో మీరు ఐదు ల్యాప్‌లు గడిచేదాకా ఆ గీత లోపల ఉండాలి, అంటే ల్యాప్‌కు సగటున 2 నిమిషాల 5 సెకన్లు కోల్పోయినా రేసు పూర్తి చేయవచ్చు. అండర్-23లో ఆరో స్థానంలో వచ్చినవారు ఇంత తేడాతో వెనుకపడాలంటే శక్తి లేకపోవడం వల్ల కాదు, పంక్చర్ వల్లనో, మొదటి ల్యాప్‌లో కుప్పకూలడం వల్లనో మాత్రమే జరుగుతుంది. రేసు ముందు రోజు మేనేజర్ల సమావేశం ఉంటుంది. మీ రాష్ట్ర జట్టు మేనేజరును ఈ నియమం అమలు చేస్తున్నారా, ఆపే చోటు ఎక్కడ అని కమిసేర్లను (రేసు అధికారులను) తప్పకుండా అడగమనండి. ఒకవేళ ఆపినా మీరు రేసు వదిలేసినవారి కింద లెక్క కాదు. ఎన్ని ల్యాప్‌లు తక్కువో రాసి, ఆపిన వరుసలో ఫలితాల్లో స్థానం ఇస్తారు. కాబట్టి వెనుకపడ్డానని తెలిశాక కూడా మీ ముందున్న ఒక్కడిని దాటడం విలువైన పనే. ల్యాప్ తేడాతో మిమ్మల్ని ముందున్నవాళ్లు అందుకుంటే మాత్రం వెడల్పున్న మొదటి చోటే పక్కకు తప్పుకోండి. సింగిల్ ట్రాక్ మధ్యలో ఆవేశంగా అడ్డుపడిన కొత్తవాడి పేరు ఆ సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

మీ తొలి ఎలైట్ రేసు లక్ష్యం ఫలానా స్థానం అని పెట్టుకోకండి. ముందున్నవాడి ల్యాప్‌లోనే రేసు ముగించడం, మీ ఐదో ల్యాప్ సమయం రెండో ల్యాప్ సమయానికి 40 సెకన్ల లోపు తేడాలో ఉండడం, ఈ రెండూ నేను నా దగ్గర తొక్కే పిల్లలకు పెట్టే లక్ష్యాలు. మొదటి ల్యాప్‌ను పోల్చకపోవడానికి కారణం, అందులో ఆ వెడల్పు దారి, తోపులాట కలిసి ఉంటాయి.

సైకిల్ సంగతి. ఎలైట్‌లో ఇవాళ ఫుల్ సస్పెన్షన్ సర్వసాధారణం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో యారోస్లావ్ కుల్హావి, 2016 రియోలో నీనో షుర్టర్ వాటి మీదే స్వర్ణాలు గెలిచారు. ఎప్పటికైనా మీరు కూడా దాని మీదికి మారతారు, కానీ ఐదు వారాల ముందు కాదు. కొత్త సైకిల్ మీద మీ బరువు ఎక్కడ పడుతుందో, వెనుక చక్రం రాయి మీద ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి అలవాటు కావడానికే రెండు నెలలు పడుతుంది. ఆ డబ్బులో పదో వంతు పెట్టి రెండు మంచి ట్యూబ్‌లెస్ టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త చైను, టైరులోని చిన్న రంధ్రాలను పూడ్చే సీలెంట్ ద్రవం సీసా కొనండి. హార్డ్‌టెయిల్ కాబట్టి వెనుక టైరు లోపల రిమ్ముకు దెబ్బ తగలకుండా ఫోమ్ ఇన్సర్ట్ వేసుకోగలిగితే ఇంకా మంచిది. మీ బరువు 64 కిలోలని రాశారు, 2.35 అంగుళాల టైర్లకు ముందు 19, వెనుక 22 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి కోర్సు మీద సరిచూసుకోండి. సముద్రతీరం వాళ్లకు తట్టని విషయం ఒకటి ఉంది: విశాఖలో 20 పీఎస్‌ఐ పెట్టి బిగించిన టైరు, చుట్టూ గాలి ఒత్తిడి తగ్గినందువల్ల, 2,200 మీటర్ల ఎత్తున దాదాపు 23 చూపిస్తుంది. ఇంట్లో సరిగ్గా పెట్టుకుని వచ్చానన్న ధీమాతో కొలవకుండా తొక్కితే, టైరు రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది, కారణమేమిటో మీకు అర్థం కాదు. పంపు మీది మీటర్లు ఒకదానికొకటి కలవవు, ఒక చిన్న డిజిటల్ గేజ్ కొని అదొక్కటే నమ్మండి.

పంక్చర్ విషయంలో ఒక నియమం గుర్తుంచుకోవాలి. టెక్ జోన్‌లో, అంటే సైకిల్ బాగుచేసుకోవడానికి కేటాయించిన చోట తప్ప, ఇంకెక్కడా పోటీలో లేనివాళ్ల సాయం తీసుకోకూడదు, కోర్సు మీద వెనక్కి నడిచి జోన్‌కు రాకూడదు, సైకిల్ మార్చకూడదు, మొదలుపెట్టిన నంబరు ప్లేటుతోనే గీత దాటాలి. పుణెలో నాకు గాలి పోయింది జోన్ దాటిన రెండు వందల మీటర్లకు. వెనక్కి రావడానికి లేదు. జేబులో టైరు రంధ్రంలో దూర్చే ప్లగ్ లేదు, గాలి నింపే చిన్న గ్యాస్ క్యాన్ లేదు, బరువెందుకని గదిలోనే వదిలి వచ్చాను. సైకిల్ తోసుకుంటూ ల్యాప్ అంతా పరుగెత్తి జోన్‌కు చేరేసరికి మా స్నేహితుడు చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు, కమిసేరు మాత్రం అతని వెనుకే ఎర్ర జెండా పట్టుకుని ఉన్నాడు. మూడో ల్యాప్ చివర అలా బయటికి వచ్చేశాను. ప్లగ్ పనిముట్టు, ఒక క్యాన్, మల్టీటూల్ కలిపి రెండు వందల గ్రాములుంటాయేమో. వాటిని ఫ్రేముకు టేపుతో చుట్టుకోండి. కళ్లకు గంతలు కట్టుకున్నా ప్లగ్ దూర్చగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి.

నాన్నగారి భయానికి జవాబు కోర్సు పరిశీలనలో ఉందన్నాను. కనీసం రెండు రోజుల ముందు చేరుకుని, మొదటి రోజు సైకిల్ గదిలోనే వదిలి కోర్సంతా కాలినడకన తిరగండి. ప్రతి కష్టమైన దిగుడు దగ్గర సులువైన దారి ఒకటి ఉంటుంది, అది ఎన్ని సెకన్లు ఎక్కువ తీసుకుంటుందో గడియారం పెట్టి చూడండి; అలసిపోయిన ఐదో ల్యాప్‌లో ఏ దారి పట్టాలో ఇప్పుడే నిర్ణయించుకోవాలి, అప్పుడు కాదు. రేసు రోజు ఉదయం ప్రమాదకరమైన రెండు మూడు చోట్లకు మళ్లీ వెళ్లి రండి. 2021 టోక్యో క్రీడల్లో, ఇజు కోర్సు మీద, మాథ్యూ వాన్ డెర్ పూల్ మొదటి ల్యాప్‌లోనే ఒక రాతి దిగుడు దగ్గర ముందుకు పల్టీ కొట్టాడు. సాధన రోజుల్లో అక్కడ ఉన్న చెక్క ర్యాంపు రేసులో కూడా ఉంటుందని అతను అనుకున్నాడు, అది తీసేశారు. ప్రపంచంలో అంత నైపుణ్యం ఉన్నవాడికే అలా జరిగింది. మన దగ్గర రాత్రి వాన పడితే ర్యాంపు కాదు, దారే మారిపోతుంది.

ఎత్తు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సముద్రమట్టం నుంచి వెళ్తున్న మీకు ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా. 2,200 మీటర్ల దగ్గర అలవాటు లేని శరీరం ప్రాణవాయువును వాడుకునే సామర్థ్యం పది శాతం పైచిలుకు తగ్గుతుంది. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటరు మీద విశాఖలో సాధించిన అంకెలు అక్కడ పనికిరావు, వాటిని పట్టుకుని వేలాడితే మొదటి ఎక్కుడులోనే అప్పులపాలవుతారు. పైగా అక్కడ ఒకసారి హద్దు దాటితే మళ్లీ ఊపిరి కుదుటపడడానికి చాలాసేపు పడుతుంది. కుదిరితే పది పన్నెండు రోజుల ముందు వెళ్లండి. మీకు సెలవు దొరకదంటే కనీసం ఐదారు రోజులు ముందుగా చేరి, మొదటి రెండు రోజులు ఒళ్లు అలవకుండా తొక్కండి, ఆ రోజుల్లో నిద్ర సరిగ్గా పట్టకపోయినా కంగారు పడకండి. చలిగాలిలో దాహం తెలియదు, కానీ పొడి గాలి ఒంట్లో నీటిని లాగేస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సు పట్టుకుంటానన్నారు, రెండు రాత్రుల ప్రయాణం అవుతుంది. ఆ అలసటను కూడా ఈ లెక్కలో కలుపుకోండి. పెట్టెలో సైకిల్ పెట్టేటప్పుడు బ్రేక్ ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టడం, గేర్లు మార్చే డీరైలర్ విప్పి గుడ్డలో చుట్టడం మరచిపోకండి.

తిండి గురించి ఒక్క ముక్క. రేసుకు మూడు గంటల ముందు మీ కడుపుకు అలవాటైనదే తినాలి. అక్కడి హోటళ్లలో ఉదయం నెయ్యి కారే పరాఠాలే దొరుకుతాయి. అవి తిని గ్రిడ్ మీద నిలబడ్డ మా పిల్లవాడొకడు రెండో ల్యాప్‌లో చెట్టు పక్కన కూర్చున్నాడు. చిన్న కరెంటు కుక్కరు, బియ్యం, ఇడ్లీ రవ్వ తీసుకువెళ్లండి. ఆవకాయ సీసా మాత్రం రేసు అయ్యాకే తెరవండి. రేసులో గంటకు 60 నుంచి 80 గ్రాముల పిండిపదార్థం, అంటే చక్కెర కలిపిన డ్రింకు సీసాలు, జెల్‌లు కలిపి సరిపోతుంది. మీ తమ్ముడు ఫీడ్ జోన్‌లో, అంటే రైడర్లకు తాగడానికి అందించే చోట, నిలబడతాడని రాశారు. సీసా అందించడం అతనికి నేర్పడం కూడా శిక్షణలో భాగమే. అతను సీసాను మూత దగ్గర రెండు వేళ్లతో తేలికగా పట్టుకుని చేయి పూర్తిగా చాపి నిలబడాలి, మీరు కిందిభాగం పట్టుకుని లాక్కుంటారు, అతను వదలాలి. గట్టిగా పిడికిట్లో పట్టుకుంటే సీసా అయినా పడుతుంది, మీరైనా పడతారు. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున 25 కిలోమీటర్ల వేగంతో ఇరవైసార్లు చేయండి.

ఈ ఐదు వారాల్లో కొత్త శక్తి పెద్దగా రాదు, ఉన్న శక్తిని వాడుకునే అలవాటు వస్తుంది. వారానికి రెండు రోజులు మాత్రమే గట్టిగా తొక్కండి. ఒక రోజు కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద మూడు నిమిషాల ఎక్కుడును రేసు వేగంతో తొక్కి, మీరు ఎంచుకున్న గుర్తు దగ్గరికి రాగానే ఆగకుండా రెండు గేర్లు పెంచి పది సెకన్లు లేచి తొక్కండి, ఆ తరువాతే విశ్రాంతి. ఆరుసార్లతో మొదలుపెట్టి పదికి చేర్చండి. మొదట్లో ఆ పది సెకన్లు అన్యాయంగా అనిపిస్తాయి. రెండో రోజు మట్టి దారిలో రేసు మొదలును సాధన చేయండి: ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి, ఈల వినగానే తొంభై సెకన్లు పూర్తి శక్తితో, వెంటనే పన్నెండు నిమిషాలు మీ సొంత వేగంతో. వెంటనే వేగం తగ్గించుకోగలగడమే ఇక్కడ నేర్చుకోవలసింది. ఒక విన్నపం, భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం తొక్కకండి. అది రక్షించుకోవలసిన భౌగోళిక వారసత్వ స్థలం, చక్రాల జాడలు ఒక్క వానకే గండ్లవుతాయి. చివరి వారం సగానికి తగ్గించండి, అప్పటికి చేయనిది ఇక చేసేది లేదు.

రేసు రోజు పాతిక ముప్పయి నిమిషాలు వార్మప్ చేయండి, కానీ కాల్-అప్ ముందుగానే పెడతారు, గ్రిడ్ మీద పది పదిహేను నిమిషాలు చలిలో నిలబడవలసి రావచ్చు. జాకెట్ వేసుకునే వెళ్లి చివరి నిమిషంలో తమ్ముడి చేతికివ్వండి. ప్రకటనలు మూడు నిమిషాలు, రెండు, ఒకటి, 30 సెకన్లు అంటూ సాగి, ఇక 15 సెకన్లలోపు ఎప్పుడైనా మొదలవుతుందని చెప్పాక నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలో గేర్ ఒకసారి చూసుకోండి. బరువైన గేర్‌లో ఇరుక్కుని మొదటి తొక్కు తొక్కలేకపోయినవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను.

రేసు అయ్యాక ఫలితాల బోర్డు దగ్గర ల్యాప్ సమయాల కాగితం అంటిస్తారు, దాని ఫోటో తీసుకోండి, మీ వరుస, గెలిచినవాడి వరుస, మీకంటే ఐదు స్థానాలు ముందు వచ్చినవాడి వరుస కనిపించేలా. మీకూ ఆ మూడోవాడికీ ఏ ల్యాప్‌లో ఎంత తేడా వచ్చిందో రాసి ఇక్కడ పెడితే, వచ్చే నాలుగు నెలలు ఏ పని చేయాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.